రెండు పొట్టి మేకలు, ఇంటికి పాలు: కొనేముందు నా తప్పు వినండి

నా వెనకాల అరుస్తున్నది ఎవరా అనుకోకండి, ఇవాళ్టి ఎపిసోడ్ హీరోయిన్ అదే. దాణా లేటయింది, అందుకే ఆ కోపం.

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, అమెరికా వాళ్ళ రీల్స్‌లో పొట్టి మేకలు పాలిస్తున్నాయి, అవి మనకి దొరుకుతాయా?" అని. మీరు చూసింది నైజీరియన్ డ్వార్ఫ్. దాని మూలం పశ్చిమ ఆఫ్రికా, పాల మేకగా పేరు తెచ్చుకుంది మాత్రం అమెరికాలో. ఆడది 22.5 అంగుళాల ఎత్తు దాటకూడదని అక్కడి రూల్. పాలలో వెన్న 6 శాతం దాకా ఉంటుంది. కానీ విదేశీ పశువుని మన దేశానికి తేవాలంటే పర్మిషన్లు, క్వారంటైన్, పెద్ద కథ. ఇంటికి రెండు మేకలు కావాలనుకునేవాళ్ళ పని కాదు అది.

అసలు మన దగ్గరే పొట్టి పాల మేక ఉంది. పేరు బర్బరీ. ఆగ్రా, మథుర, ఎటా, అలీగఢ్ వైపు మేక ఇది. చిన్న చెవులు పైకి నిక్కబొడుచుకుని ఉంటాయి. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు, దూరం నుంచి చూస్తే జింక పిల్ల అనుకుంటారు. ఆడది 25 కిలోల అటూ ఇటూ ఉంటుంది. మేతకి తిప్పక్కర్లేదు, కట్టేసి మేపినా బాగుంటుంది. అందుకే అక్కడ టౌన్లలో కూడా ఇళ్ళ దగ్గర పెంచుకుంటారు. మథుర దగ్గర మఖ్దూమ్‌లో కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఉంది, అక్కడ ఈ జాతి మీద చాలా ఏళ్ళుగా పని చేస్తున్నారు.

పాలెన్ని? నిజం చెప్తా. రోజుకి ముప్పావు లీటరు, బాగా ఇచ్చేదైతే లీటరు. సుమారు 5 నెలలు ఇస్తుంది. అందులో పిల్లల వాటా పోవాలి. నలుగురున్న ఇంట్లో టీకి, కాస్త పెరుగుకి రెండు మేకలు చాలు. నెయ్యి అమ్ముకుందాం అనుకుంటే గేదెని కొనుక్కోండి. ఇంకోటి, ఒక్క మేకనే తేవద్దు. తోడు లేకపోతే రాత్రంతా అరుస్తుంది. మీకూ నిద్ర ఉండదు, పక్కింటోళ్ళకీ ఉండదు.

సరే, ఇప్పుడు నా తప్పు. హైదరాబాద్‌లో ఐదేళ్ళు కోడింగ్ చేసి జనగామ దగ్గర మా ఊరికి వచ్చేసిన కొత్తలో రెండు ఆడ బర్బరీ పిల్లల్ని తెచ్చా. పది నెలలకే ఒకటి ఎదకి వచ్చింది. ఊళ్ళో ఒకాయన దగ్గర జమునాపారీ క్రాస్ పోతు ఉంది, నా నడుము దాకా ఎత్తు. మనది ఇంజినీర్ బుర్ర కదా. పెద్ద పోతుతో కట్టిస్తే పెద్ద పిల్ల, పెద్ద పిల్ల పెరిగితే ఎక్కువ పాలు. ఫ్రీ అప్‌గ్రేడ్ అనుకున్నా.

మా నానమ్మ ఒకటే మాట అన్నది. "చిన్న గుమ్మంలకెల్లి పెద్ద మంచం ఎట్ల వస్తదిరా?" నేను నవ్వాను.

ఐదు నెలల తర్వాత, రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి. గంట దాటింది, రెండు గంటలైంది, పిల్ల రాలేదు. నేను మాత్రం ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చున్నా. చివరికి నానమ్మ తిడితే డాక్టర్‌కి ఫోన్ చేశా. ఆయన వచ్చి చెయ్యి పెట్టి చూస్తే లోపల ఒకటే పిల్ల, తల పెద్దది, ముందు కాలు ఒకటి వెనక్కి మడిచి ఉంది. బయటికి తీశారు కానీ పిల్ల బతకలేదు. తల్లి మూడు రోజులు లేవలేదు. ఆ ఈతలో పాలు కూడా సరిగ్గా రాలేదు. ఆ మేకే ఇప్పుడు నా వెనకాల అరుస్తున్నది.

తర్వాత కూర్చుని చదివా. అమెరికాలో మినీ న్యూబియన్ అని ఒక రకం తయారు చేస్తారు. దానికి తల్లి పెద్ద న్యూబియన్, తండ్రి పొట్టి నైజీరియన్ డ్వార్ఫ్. తల్లి పెద్దది, తండ్రి చిన్నది. నేను చేసింది సరిగ్గా రివర్స్. నానమ్మకి అది చదవకుండానే తెలుసు.

అందుకే ఈ నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి.

ఒకటి, ఫొటో చూసి కొనొద్దు, పాలు పిండి కొనండి. కొందరు ఒక పూట పిండకుండా ఆపి, పొదుగు ఉబ్బిన మేకని చూపిస్తారు. మీరు సాయంత్రం వెళ్ళి, మీ ముందే పూర్తిగా పిండించండి. ఆ రాత్రి పిల్లల్ని వేరుగా కట్టమనండి. మళ్ళీ పొద్దున 12 గంటలకి మీరే పిండి కొలవండి. అదే అసలు లెక్క. పొదుగులో గడ్డలు ఉండకూడదు, రెండు చన్నుల్లోంచీ ధార సమానంగా రావాలి. రెండో ఈతలో ఉన్న మేక దొరికితే కొత్తవాళ్ళకి మంచిది.

రెండు, తొందరపడి కట్టించొద్దు. బర్బరీ చాలా త్వరగా ఎదకి వస్తుంది. వచ్చినంత మాత్రాన రెడీ అయినట్టు కాదు. కనీసం 16 కిలోలు రావాలి, ఏడాది నిండితే ఇంకా మంచిది. ఎద 18 నుంచి 21 రోజులకోసారి వస్తుంది. ఊరికే అరవడం, తోక ఆడించడం, మేత మీద ధ్యాస లేకపోవడం, ఇవీ గుర్తులు. కట్టించిన రోజు క్యాలెండర్‌లో రాయండి. అక్కడి నుంచి సుమారు 150 రోజులు. చివరి రెండు నెలలు పాలు పిండడం ఆపేయాలి.

మూడు, పోతు సంగతి. రెండు మేకలకి సొంత పోతు అక్కర్లేదు. వాసన భరించలేరు, ఆ వాసన పాలకీ పట్టుకుంటుంది. మంచి బర్బరీ పోతు ఉన్న చోటికి మీ మేకనే తీసుకెళ్ళండి. దాని కండ చూసి మురిసిపోకుండా, "దీని తల్లి ఎన్ని పాలిచ్చింది?" అని అడగండి. పోతు పాలివ్వదు, కానీ మీకు పుట్టే ఆడపిల్లల పాలలో సగం దాని వైపు నుంచే వస్తుంది. తండ్రినీ కూతుర్నీ ఎప్పుడూ కలపొద్దు. మగపిల్లల్ని మూడు నెలలకే వేరు చేయండి, నాలుగో నెలకే తల్లినీ చెల్లినీ కట్టే రకాలు అవి.

నాలుగు, ఈనే రాత్రి నాలాగా వీడియోలు చూస్తూ కూర్చోవద్దు. గట్టిగా నొప్పులు పడుతూ అరగంటైనా పిల్ల రాకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ పశువుల అంబులెన్స్ నంబర్ 1962, ఇప్పుడే సేవ్ చేసుకోండి. పుట్టిన గంటలోపు పిల్లకి జున్నుపాలు తాగించాలి. పీపీఆర్, చిటుక రోగం టీకాలు, నట్టల మందు మీ ఊరి పశువుల ఆస్పత్రిలో అడిగి టైమ్‌కి వేయించండి. పాలు ఎప్పుడూ మరగబెట్టే తాగండి. డెంగీకి మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని వాట్సాప్‌లో తిరుగుతుంది, దానికి రుజువు లేదు. జ్వరమొస్తే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇక ఎవరూ రీల్‌లో చెప్పని మాట ఒకటి. మేక ఈనకపోతే పాలు లేవు. బర్బరీకి కవలలు మామూలే, రెండేళ్ళలో దాదాపు మూడు ఈతలు. అంటే రెండు మేకలకి రెండేళ్ళలో 12 పిల్లల దాకా రావచ్చు. అందులో సగం మగవే అనుకోండి. ఆ ఆరింటినీ ఏం చేస్తారు? మన ఊళ్ళలో మగపిల్ల ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు. నేను మాంసం తింటాను, నీతులు చెప్పను. కానీ మొదటి మగపిల్లకి చింటూ అని పేరు పెట్టి, సీసాతో పాలు పట్టి, ఏడు నెలలకి అమ్మాల్సి వచ్చిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. నానమ్మే తాడు పట్టుకుని ఇచ్చింది. సాయంత్రం నాతో ఒకటే అన్నది. "పేరు పెడితే అమ్మలేవు బిడ్డా. అమ్మేదానికి పేరు పెట్టకు."

కాబట్టి కొనేముందే ఇంట్లో అందరూ కూర్చుని ఈ ఒక్క ప్రశ్నకి జవాబు అనుకోండి. జవాబు దొరికితే మేకల్ని తెచ్చుకోండి, దొరకకపోతే పాలు కొనుక్కోండి. రెండూ తప్పు కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంటి కంచె మీదే అవిశ, సుబాబుల్ పెంచి మేత ఖర్చు ఎలా తగ్గించానో చూపిస్తా. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మేకల గురించి చెప్పిన మాట ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. నేను ఒకసారి వినకుండా నష్టపోయా, ఈసారి వింటా. ఉంటాను ఫ్రెండ్స్, దీనికి దాణా పెట్టాలి.