చేరువలో వైద్యం, చేతిలో ధర్మం
(ఉపన్యాస పాఠం)



జీవితమంతా వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి. వైద్యం నా శాస్త్రం కాదు. అయినా ఈనాడు పురాణం పక్కన ఉంచి మూత్రపిండాల వ్యాధిని గురించి నాలుగు మాటలు విన్నవిస్తాను. మూత్రపిండానికి సంస్కృతంలో ‘వృక్కం’ అని పేరు. చరక, సుశ్రుత సంహితలలో ఈ మాట ఉన్నది. దేహంలో రెండుంటాయి గనుక ద్వివచనంలో ‘వృక్కౌ’ అంటాము. ఆ పదం ఎన్నిమార్లు పాఠం చెప్పానో! ఆ రెండూ పాడైతే ఒక సంసారం ఏమవుతుందో మాత్రం ఆలస్యంగా తెలుసుకున్నాను.

కొన్నేండ్ల క్రితం ఉదయగిరి వైపు పల్లె నుండి నా పూర్వశిష్యుడు ఒకడు వచ్చాడు. ముఖం ఉబ్బి, పాదాలు వాచి ఉన్నాయి. “గురువుగారూ, గ్రహస్థితి చూడండి” అన్నాడు. చూశాను, శాంతి చెప్పాను. రక్తపరీక్ష చేయించుకొమ్మని చెప్పలేదు. నాలుగు నెలల పిమ్మట పరీక్షిస్తే మూత్రపిండాలు అప్పటికే చాలావరకు చెడిపోయినవి. ఆ దోషం గ్రహాలది కాదు, నాది. శాంతి చేయవద్దని నేననను. అది వైద్యానికి తోడు కావాలి గాని అడ్డు కారాదు.

అతనికి వారానికి మూడుమార్లు డయాలసిస్, ఒక్కొక్కమారు నాలుగు గంటలు. ఉదయగిరి నుండి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రికి ఇల్లు. వెంట భార్య, ఆమెకు ఆనాటి కూలి లేదు. చికిత్స ఆరోగ్యశ్రీలో ఉచితమే. కాని పింఛను మందులకు పోగా దారిఖర్చుకు మిగిలేది కాదు. క్రమంగా వారానికొక మారు మానసాగాడు. మానిన రోజుల నీరు ఊపిరితిత్తులలో చేరింది. నేడతడు లేడు.

మన మెట్టసీమ నీటి బాధ కొత్తది కాదు. దేశంలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. ఆ ప్రాంతం తరువాత ప్రకాశం జిల్లాలో చేరింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. దానిని దేహం నుండి వెలికి పంపేవి మూత్రపిండాలే. అవి బలహీనమైతే ఫ్లోరైడు ఒంట్లోనే నిలుస్తుంది. కీళ్లు నొప్పులని నిత్యం నొప్పి మాత్రలు మ్రింగితే మూత్రపిండాలకు మరింత చేటు. మధుమేహం, రక్తపోటు చేసే హాని సరేసరి.

శ్రీకాకుళం ఉద్దానం ప్రజలు ఏండ్ల తరబడి తమ గోడు వినిపించగా, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. మనమూ మర్యాదగా, విడువక అడగాలి. ఉదయగిరి, ఆత్మకూరు ఆసుపత్రులలో చాలినన్ని డయాలసిస్ పడకలు కావాలి. నిపుణుడైన వైద్యుడు నియమిత దినాలలో రావాలి. యంత్రం ఒక్కటి తెచ్చి పెడితే చాలదు. ఒక్క డయాలసిస్‌కు 100 లీటర్లకు పైగా శుద్ధజలం పడుతుంది. మన బోరునీటితో ఆ శుద్ధి ఎంత జాగ్రత్తగా జరగాలో ఆలోచించండి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయదగినవి మూడున్నవి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటేటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయించుకోండి. రెండవది, రోగి చేత నిర్జలోపవాసం చేయించకండి. అరటిపండులో, కొబ్బరినీటిలో పొటాషియం అధికం. డయాలసిస్ రోగికి అది గుండె ఆగేంత ప్రమాదం తేగలదు. వైద్యుడు వద్దన్న ప్రసాదాన్ని కన్నులకద్దుకొని పక్కవారికిస్తే అపచారం కాదు. మూడవది, మీ వీధిలో రోగి ఉంటే వారానికొకనాడు మీరు తోడు వెళ్లండి. ఆ ఇల్లాలికి ఒకనాటి కూలి దక్కుతుంది.

ప్రాణం పోయే దాహంలోనూ చేతిలోని నీటిని పరునికిచ్చిన రంతిదేవుణ్ణి తలచి చేతులు మోడుస్తాము. మనల్ని అడుగుతున్నది ప్రాణం కాదు, ఒక పగలు మాత్రమే. నా శిష్యునికి నేను ఆ పగలు ఇవ్వలేకపోయాను. మీరివ్వండి.

స్వస్తి.