దండలు వాడిన పిమ్మట
(కంచిలిలో నొక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



మన రైలు స్టేషనుకు సోంపేట యని పేరున్నను, అది యున్నది కంచిలిలోనే. ఈ ఉద్దానపు గ్రామములనుండి సైన్యమున చేరబోవు యువకులు పెట్టె పట్టుకొని రైలెక్కునదియు, సెలవుమీద వచ్చి దిగునదియు నిచ్చటనే. ఆ ప్లాటుఫారముమీద మనమందఱము రెండు దృశ్యములను చూచియున్నాము. ఒకటి, వెళ్లుచున్న కుమారుని సంచిలో జీడిపప్పు పొట్లము దూర్చి కన్నీరు తుడుచుకొను తల్లి. రెండవది, కొలువు ముగించి వచ్చిన జవానుకు దండలు వేసి మేళముతో నూరేగించు గ్రామము. మూడవ దృశ్యమొకటి కలదు. అది యెవరి కంటను పడదు. దండలు వాడిన ఆఱునెలలకు, ఆ జవానే నిద్రపట్టక అర్ధరాత్రమున కొబ్బరితోటలో నొంటరిగా తిరుగుచుండును. నేటి నా ప్రసంగము దానిని గూర్చియే.

నేను న్యాయవాదిని. మనుష్యుల దుఃఖములు నా యొద్దకు తగవుల రూపమున వచ్చును. ఒకనాడొక మాజీ సైనికుడు తన తమ్మునిమీద దావా వేయవలెనని వచ్చెను. పేరును, ఊరును చెప్పుట నా వృత్తిధర్మము కాదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిననాడు ఆయన సరిహద్దున కాపలాలో నుండెను. ఇచ్చట తండ్రి తోట నేలగూలెను. తమ్ముడు పడిన చెట్లను తొలగించి, మొక్కలు నాటి, క్రొత్తగా కంచె వేసికొనెను. అన్న కొలువు చాలించి వచ్చి చూడగా కంచె తన వైపునకు రెండు మూరలు జరిగినట్లు తోచెను. ఇదియే వ్యాజ్యకారణము.

కాగితములు చూపుమంటిని. ఆయన కాగితములు తీయలేదు. కొంతసేపు మౌనముగా కూర్చుండి యిట్లనెను: “బాబూ! అక్కడ రేయింబవళ్లు నా ప్రక్క నెవరో ఒకరుండెడివారు. ఇక్కడ ఇల్లు నిండ జనము, నా ప్రక్క నెవ్వరును లేరు. పింఛను ఎంత, ఇల్లెప్పుడు కట్టెదవని అడుగుదురు. ఎట్లున్నావని ఒక్కరును అడుగరు.”

ఆనాడు నేను దావా వ్రాయలేదు. తమ్మునికి కబురంపితిని. ఆతడు చెప్పినది వేఱు: “అన్న వచ్చినది మొదలు ఇంటిలో గిన్నె జాఱవిడుచుటకు భయము. పిల్లలు ఆయన ముందు నవ్వరు. చెట్లు కూలిననాడు గొడ్డలి పట్టినది నేను. నాన్నకు మూత్రపిండముల జబ్బు ముదిరి ఆసుపత్రులచుట్టు త్రిప్పినది నేను. నన్నెవరు అడిగిరి?” సోదరులారా! ఇద్దఱును సత్యమే పలికిరి. ఒకడు సరిహద్దున పోరాడెను, రెండవవాడు ఇంటియొద్ద పోరాడెను. ఒకరి పోరు మఱియొకరికి తెలియదు. తగవు పూర్తిగా తీరినదని చెప్పజాలను. దావా మాత్రము పడలేదు.

ఈ కథలో దుర్మార్గు డెవ్వడు? ఎవ్వడును లేడు. కాపలా కాయువానికి చీమ చిటుక్కుమన్న మెలకువ రావలెను. అది యచ్చట ప్రాణరక్షకము. పదునైదేండ్లు అభ్యసించిన ఆ మెలకువ ఇంటికి వచ్చిన మఱునాడే విడిచిపోదు. దీపావళి టపాకాయ ప్రేలినచో పిల్లలు కేరింతలు కొట్టుదురు, ఆయన గుండె దడదడలాడును. అచ్చట ఆజ్ఞ యొక్కటి, దానిని పాటించుట యొక్కటి. ఇచ్చట భార్య ఇన్నేండ్లు బ్యాంకును, బడిని, అంగడిని, అత్తమామలను తానొక్కతెయే చక్కబెట్టుకొని వచ్చినది. ఒక్కసారిగా యజమాని వచ్చి లెక్కలడిగిన నామె కెట్లుండును? సెలవులకు మాత్రము చుట్టమువలె వచ్చిపోయిన తండ్రి శాసించిన బిడ్డ కెట్లుండును? ఆయన విడిచివెళ్లిన ఇల్లు ఆయనకొఱకు కదలక నిలిచియుండలేదు. వెళ్లిన మనిషియు నట్లే తిరిగి రాలేదు.

దీనిని బలహీనత యనువారు భారతము తెఱచి చూతురుగాక. తిక్కన సోమయాజి తెలుగు చేసిన శాంతిపర్వమున జయము పొందిన ధర్మరాజు సింహాసనము వలదు, అడవికి పోయెదనని విలపించెను. భీముడు నిష్ఠురములాడెను, ద్రౌపది ఆక్షేపించెను. అయినవారి మందలింపులవలన ఆ శోకము తీరలేదు. తుదకు కృష్ణు డాతనిని బాణశయ్యపై నున్న భీష్ముని యొద్దకు కొనిపోయెను. యుద్ధమున గాయపడినవాని మాటయే యుద్ధమున నలిగినవాని మనస్సు కెక్కెను. అదియు నొక్కనాటి మాట కాదు. రెండు పర్వములు నిండిన సంభాషణ. అంతటితోనైన నయమయ్యెనా? అశ్వమేధపర్వారంభమున గంగాతీరమున ధర్మరాజు మరల కుప్పకూలెను. మన పూర్వులకు ఈ బాధ తెలియును, దానికి కాలము పట్టుననియు తెలియును.

పాశ్చాత్యులు దీనిని నేర్చుకొనుటకు మిక్కిలి మూల్యము చెల్లించిరి. మొదటి ప్రపంచసంగ్రామమున, 1915లో, చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు దీనిని గూర్చి వ్రాయుచు ‘షెల్ షాక్’ అను మాటను వైద్యులకు పరిచయము చేసెను. అయినను ఆ సంగ్రామమున పిఱికితనము, పలాయనము మొదలగు నేరములకై బ్రిటిషు సైన్యము కాల్చిచంపినవారిలో 306 మందికి 2006లో గాని క్షమాపణ లభింపలేదు. వారిలో మనస్సు చెదరినవారెందఱో యుండిరని లోకము తరువాత గ్రహించెను. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనికి రోగముల పట్టికలో స్థానమిచ్చెను. కొలువునుండి వచ్చిన ప్రతివాడును రోగియని నా భావము కాదు. పెక్కుమంది కొన్ని నెలలలో కుదుటపడుదురు. కుదుటపడనివానిని పిఱికియనియు, పిచ్చివాడనియు నిందింపవలదనియే నా మనవి.

మఱియొక సంగతి. 2022లో ప్రభుత్వము ప్రకటించిన అగ్నిపథమున సేవ నాలుగేండ్లు. అది ముగిసినపుడు నూటికి 25 మందికి మించకుండ స్థిరోద్యోగమున నిలుపుకొందురని నిబంధన. తక్కినవారు పింఛను లేక, ఇరువది చిల్లర యేండ్ల వయస్సున ఇంటికి వత్తురు. తొలి దళములు 2022 చివరను శిక్షణకు చేరినవి. లెక్క మీరే వేసికొనుడు. మన స్టేషనులో దిగబోవువారికి మనము సిద్ధముగా నున్నామా?

మనము చేయదగిన పనులు పెద్దవి కావు. సెలవుమీద వచ్చిన జవానును క్షేమమడుగుటకు ముందే క్యాంటీను సీసా తెచ్చితివా యని యడుగు దురాచార మొకటి మనలో కలదు. దానిని మానవలెను. నిద్రపట్టనివానికి మద్యము మందు కాదు. కుటుంబము ఆయనకు కొన్ని నెలలు గడువీయవలెను. ఆయనయు భార్య యేలిన సంసారమున తొలిదినముననే పెత్తనము చేయక మెల్లగా పాలుపంచుకొనవలెను. మన గ్రామములలోని మాజీ సైనికులైన పెద్దలు క్రొత్తగా వచ్చినవానిని వారమునకొకసారి కూర్చుండబెట్టుకొని మాటాడవలెను. భీష్ముని పని మీదే, ఆర్యులారా! ఈ పఠనమందిరములో నొక సాయంకాలమును అందులకు విడిచిన చాలును.

చట్టము సంగతి నేను చెప్పక తప్పదు. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము ప్రకారము, యుద్ధము మొదలైన విశేష పరిస్థితులలో సేవించు సైనికునిమీది సివిలు వ్యాజ్యమును, ఆతని పక్షమున నెవరును లేనపుడు, కోర్టు నిలుపవచ్చును. అట్టి సేవాకాలము కాలపరిమితి లెక్కలో చేరదు. సైనిక కుటుంబములకు న్యాయసహాయమునకై జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2025లో ప్రత్యేక పథకము నారంభించినది. మనోవ్యథకు 14416 అను టెలిఫోను సంఖ్య కలదు. 2022లో నెలకొల్పబడిన ఈ టెలీ మానస్ సేవ ఉచితము, తెలుగున మాటాడవచ్చును. 2023లో సైనికులకై పూణేలో దీని ప్రత్యేకశాఖ యేర్పడినది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము శ్రీకాకుళములో కలదు. ఈ వివరములను ఒక కాగితముపై వ్రాయించి ఈ మందిరపు గోడకు అంటించుడు.

తిత్లీ తరువాత ఉద్దానపు రైతు క్రొత్త కొబ్బరిమొక్కలు నాటెను. అది కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టునని ఆతనికి తెలియును. మొదటి యేట కాయలేదని మొక్కను తిట్టిన రైతును నేను చూడలేదు. నీరు పోయును, కంచె కట్టును, వేచియుండును. చెట్టుకు చూపు ఓర్పు మన బిడ్డకు చూపలేమా? ఈసారి దండ వేసినవారు ఆఱునెలలకు మరల ఆ యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి, ‘ఎట్లున్నావు నాయనా?’ యని యడుగుడు. అడిగి, తొందరపడక, ఆయన చెప్పునది వినుడు.

జై హింద్.