సుధాలేపనము



మన రాయపూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరాన, మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్‌లో, మహాశివగుప్త బాలార్జునుని కాలమున భిక్షువు ఆనందప్రభుడు కట్టించిన విహారపు ఇటుక గోడలు నేటికీ ఉన్నవి. ఇటుక నీటిని పీల్చును. దానిని కాపాడునది పూత. విహారపు గోడలకు తెల్లపూతను, కావిపూతను బుద్ధభగవానుడు అనుమతించినట్లు వినయపిటకములోని చుల్లవగ్గము చెప్పుచున్నది. సున్నమునకు పాళీలో ‘సుధా’ అని పేరు. అమృతమునకూ అదే పేరు.

పూతలు పలువిధములు. ఊక మొదలైనవి కలిపిన మట్టిపూతపై అజంతా చిత్రములు నిలిచినవి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నిమిషములలో బిగియును. ఇంటి లోకప్పులకు, విరిగిన ఎముకల కట్టుకు తగును గాని తడికి ఆగదు. సున్నపురాతిని కాల్చి, నీట విరిచి, ఇసుకతో గానుగలో నూరిన గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగా మరల రాయి యగును. 2019లో ఫణిగిరిలో బయల్పడిన బోధిసత్త్వుని నిలువెత్తు మూర్తి ఇటుకపై సున్నపు గారతో మలచినదే.

సిమెంటు గట్టిది, త్వరగా ఆరునది. బలౌదాబజార్ కర్మాగారముల వలన మనకు సులభముగా దొరకునది. అయినను ప్రాచీన ఇటుకపై దానిని పూయరాదు. లోని తడి వెలుపలికి రాలేక, లవణములు పేరుకొని, ఇటుక పొడియగును. గచ్చు ఆ తడిని బయటికి పోనిచ్చును.

కావున శిథిల విహారముల మరమ్మతు సున్నముతోనే జరుగవలెనని అధికారులను కోరుదము. గచ్చు నూరు విద్యను మన యువకులు పెద్ద మేస్త్రీల వద్ద నేర్చుకొనవలెను. చేతిపనిని హీనముగా చూచిన వ్యవస్థను విడిచి వచ్చిన మనకు, తాపీ పట్టుటయు ధమ్మసేవయే.

నమో బుద్ధాయ. జై భీమ్.