హర్జానా వేరు, జుర్మానా వేరు
(వార్షిక సభలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



మన కడప, కర్నూలు జిల్లాల్లో ఎన్నో ఇళ్లు కొడుకులు కువైట్ నుండి పంపిన డబ్బుతో లేచినవే. మేస్త్రీ సగంలో పని వదిలిపోతే "రెండింతలు కక్కించాల" అంటాము. చట్టం అట్లా చెప్పదు. జుర్మానా శిక్ష; హర్జానా నష్టాన్ని పూడ్చేది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ఇప్పించేది హర్జానాయే.

లెక్క చూడండి. కరారు 10 లక్షలు. మీరిచ్చింది 6 లక్షలు. మిగిలిన పనిని సరైన ధరకే ఇంకొకరితో చేయిస్తే 5 లక్షల 50 వేలు అయింది. మొత్తం 11 లక్షల 50 వేలు. అందులో కరారు సొమ్ము తీసేస్తే లక్షా 50 వేలు. అదీ మీ నష్టం.

ఇల్లు ఫలానా తేదీకి బాడుగకు ఇస్తున్నామని మేస్త్రీకి ముందే తెలిపి ఉంటే, పోయిన బాడుగ కూడా అడగవచ్చు. వేరే మేస్త్రీని చూడకుండా ఏడాది ఊరకే కూర్చుంటే మాత్రం ఆ పెరిగిన నష్టం మనదే.

కరారులో "తప్పితే 3 లక్షలు" అని రాసుకున్నా, 74వ సెక్షను ప్రకారం అది పైహద్దు మాత్రమే. కోర్టు సమంజసమైనంతే ఇప్పిస్తుంది.

న్యాయం రెండువైపులా ఉండాల. మనమే అన్యాయంగా పని ఆపితే, మేస్త్రీ తనకు పోయిన లాభం అడగవచ్చు. గుజరాత్ ప్రభుత్వంపై ఒక కాంట్రాక్టరు వేసిన కేసులో 1984లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది.

కనుక కరారు కాగితం మీద రాయించండి, రసీదులు దాచండి, ఆగిన పనిని ఫోటో తీయించండి. దావాకు గడువు కరారు తప్పిన నాటి నుండి 3 సంవత్సరాలు. అంతకుముందే పెద్దల ఎదుట ఈ లెక్క పెట్టి చూడండి. తగవు అక్కడే తీరవచ్చు.

సెలవు.