డిసెంబరు హడావుడిలో కాస్త తెరిపి

డిసెంబరు మూడో వారానికి సికింద్రాబాద్ జనరల్ బజారులో అడుగు తీసి అడుగు వేయలేం. క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో దర్జీ ఇంకా బట్టలివ్వలేదు, గుమ్మానికి స్టార్ కట్టలేదు, చుట్టాలేమో రేపే దిగుతున్నారు. అన్నిటికీ గడువు ఒక్కటే, 25వ తేదీ.

నిజానికి చర్చి క్యాలెండరు ఇంత బిగుతుగా ఉండదు. సికింద్రాబాద్ చర్చిల్లో, 1813 నాటి సెయింట్ జాన్స్‌లోనైనా, 1850లో కట్టిన సెయింట్ మేరీస్‌లోనైనా పండుగకు ముందు నాలుగు ఆదివారాలు ఎదురుచూపుకే. పండుగ మొదలయ్యాక జనవరి 6 దాకా ఆ సందడి ఉంటుంది. కాబట్టి పిన్నిగారింటికి 28న వెళ్లినా అది క్రిస్మస్ పలకరింపే. ఆవిడ అలిగితే కేకు ముక్క కాస్త పెద్దది కోసివ్వండి!

ఇక పిండివంటలు. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చేసే రోజ్ కుకీలు మనకు తెలిసిన గులాబీ పువ్వులే. వారం ముందే చేసి, చల్లారాక మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకోవచ్చు. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. ఫోర్కు మీద గవ్వల్లా చుట్టే కల్కల్స్ ఒంటరిగా చేస్తే విసుగు. పిల్లలకు తలా ఒక ఫోర్కు ఇచ్చి కూర్చోబెట్టండి. వంకరటింకరగా వచ్చినా రుచికేం లోటుండదు.

ఈ ఏడాది ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారికి ఈ సలహాలేవీ చాలవు. క్యారల్స్ బృందం అర్ధరాత్రి తలుపు తడుతుందని బెంగగా ఉంటే, పాటలొద్దు, చిన్న ప్రార్థన చేసి వెళ్లండని సంఘ పెద్దలకు ముందే చెప్పండి. ఎవరూ తప్పుపట్టరు.