అలుగులేని సరస్సు ఒడ్డున ఒక ఊరు

ఈవేళ మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతున్నాను. మధ్య అమెరికాలో గ్వాటెమాల అనే చిన్న దేశము గలదు. అక్కడి కొండల నడుమ, సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తున, అతిత్లాన్ అనే సరస్సు ఉన్నది. లోతు 300 మీటర్లకు పైమాటే. దక్షిణపు వైపు మూడు అగ్నిపర్వతాలు. వాటి పాదాల దగ్గర సంతియాగో అతిత్లాన్ అనే ఊరు. మాయాజాతి వారిది, మాట్లాడేది త్సుతుహీల్ భాష.

ఊళ్ళో మొదట కంటబడేది ఆడవారి చేనేత. ఎర్రని పొడుగాటి పట్టీని తలచుట్టూ చక్రంలా చుట్టుకునే ఆచారం వారిది. ఆ దేశపు 25 సెంటావోల నాణెం మీద ఉన్నది ఈ ఊరి స్త్రీ బొమ్మే. మనం రైతులం గనుక చేలవైపు పోదాం.

కొండవాలున మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు. దీన్ని మిల్పా అంటారు. చిక్కుడు తీగకు మొక్కజొన్న కాండమే గుంజ. చిక్కుడు వేళ్ళ బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. గుమ్మడాకు నేలను కప్పి చెమ్మ నిలుపుతుంది, కలుపును అణచుతుంది. మన జొన్న, కంది సాళ్ళకు ఇది దూరపు చుట్టమే!

మొక్కజొన్న మనకు ఆ ఖండంనుంచే వచ్చింది. వండే విధం మాత్రం రాలేదు. వాళ్ళు గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, నూరి రొట్టెలు చేస్తారు. అందువల్ల గింజలోని నియాసిన్ అనే విటమిను ఒంటికి పడుతుంది. ఈ సంగతి తెలియక మొక్కజొన్న మీదే బతికిన ఇటలీ పేదలు పెలాగ్రా జబ్బుతో నానా బాధలూ పడ్డారు.

ఇక అసలు సంగతి. ఈ సరస్సులోకి ఏళ్ళు వచ్చి పడతాయి గాని, పైకి కనిపించేట్టు బయటకు పోయే ఏరు ఒక్కటీ లేదు. అలుగులేని చెరువు అనుకోండి. వాలు చేలల్లో కోసుకుపోయిన మట్టి, దానితోపాటు ఎరువు, ఊళ్ళ మురుగు అన్నీ అందులోనే చేరుతున్నవి. 2009లో భాస్వరం ఎక్కువై, నీలి ఆకుపచ్చ నాచు సరస్సును చాలా మేర కప్పివేసింది. ఆ నీళ్ళే తాగే ఊళ్ళున్నాయి, ఆలోచించండి.

అంతకుముందు 1958లో యాత్రికుల గాలం సరదాకని పరాయి చేపను వదిలారు. అది చిన్న చేపలను తినివేసింది. అక్కడ తప్ప మరెక్కడా లేని, ఎగరలేని పోక్ అనే నీటిపక్షి 1990 నాటికి కనుమరుగైంది. చేప ఒక్కటే కారణం కాదు. 1976 భూకంపం తరువాత నీటిమట్టం తగ్గింది, గూడుకు ఆధారమైన ఒడ్డు తుంగ తరిగింది.

తుంగ అంటే మనకు చాపలు గుర్తుకొస్తాయి. వాళ్ళూ అల్లుతారు. కాని అది నీటిలోని భాస్వరాన్నీ పీల్చుకుంటుంది. మీ చెరువు అంచున తుంగ ఉంటే మొత్తం పీకివేయకండి. చెరువుకు ఎగువన వాలు చేను ఉన్నవారు దుక్కి వాలుకు అడ్డంగా దున్నండి. పెద్దవాన ముంచుకొస్తుంటే ఎరువు పైపైన చల్లకండి. సాలు పక్కన వేసి మట్టి కప్పండి. మోతాదు ఎంతో భూసార పరీక్ష చేయించి, మీ వ్యవసాయాధికారిని అడగండి.