నీళ్లు గుమ్మం దాకా వస్తాయా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వరద లెక్కలు చూసే ఇంజనీరుని. ఉద్యోగంలో చేరిన కొత్తలో కృష్ణకు వరదొచ్చింది. ఒక లంక గ్రామంలో మైకు పట్టుకుని, ఇన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని రెండుసార్లు చదివాను. ఎవరూ కదల్లేదు. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, "నాయనా, నీళ్లు మా గుమ్మం దాకా వస్తాయా, రావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆవిడ గేదెలు రెండూ కొట్టుకుపోయాయి. నా లెక్క తప్పు కాదు, చెప్పడమే చేతకాలేదు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. ఈ అంకెలు మాకు చాలు. ఊళ్లో మనిషికి కావలసింది వేరు: ఎంత ఎత్తు, ఎన్ని గంటలకు, ఎటు పోవాలి.

అప్పటినుంచి కుర్ర ఇంజనీర్లకు, నాకు తెలిసిన శాస్త్రవేత్తలకు మూడే మాటలు చెబుతున్నాను. ముందు ఫలితం చెప్పండి, లెక్క తర్వాత. వినేవాళ్లకు తెలిసిన కొలత వాడండి: "రామాలయం మెట్ల మీద పాత వరద గుర్తు కంటే రెండడుగులు పైకి". అనుమానం ఉంటే దాచకండి: "అడుగు అటూ ఇటూ కావచ్చు, అయినా చీకటి పడకముందే కదలండి". తేలిగ్గా చెబితే శాస్త్రం పలచబడుతుందని చాలామంది భయం. ఆ 'అటూ ఇటూ' కూడా కలిపి చెబితే పలచబడదు.

వాతావరణ శాఖ ఇప్పుడు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తోంది. అంకె తెలియకపోయినా ఎంత జాగ్రత్త పడాలో రంగే చెబుతుంది.

నిజానికి ఈ పాఠం మన సైన్సు మాస్టారు ఈ బడిలోనే చెప్పారు. నిర్వచనం గడగడా అప్పజెబితే ఊరుకునేవారు కాదు. "సరే, మీ అమ్మమ్మకు ఎలా చెబుతావురా?" అనేవారు. నేను మరిచిపోతే ఆ పెద్దావిడ గుర్తు చేసింది.

మనలో డాక్టర్లు, శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. ఏటా ఒకరం వచ్చి, తొమ్మిదో తరగతి పిల్లలకు మన పనేమిటో పది నిమిషాలు చెబుదాం. అర్థం కాని చోట పిల్లలు చెయ్యెత్తాలి. ముందు నేనే వస్తాను. మాస్టార్లకు ఒక్కటే మనవి: ఎక్కువ చేతులు లేస్తే గోడకుర్చీ నాకే వేయించండి, పిల్లలకు కాదు.

సెలవు.